చెరకుసీమలో మోటారు సైకిలు

డిచ్‌పల్లి దాటి ఆర్మూరు వైపు పోయే రహదారి మీద జక్రాన్‌పల్లి ఉన్నది. ఈ రహదారి శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు దేశాన్ని నిలువునా కోసుకొనిపోయే 44వ నంబరు జాతీయ రహదారి. పెద్దలకు ఇది 7వ నంబరు రోడ్డుగానే గుర్తు. తెల్లవారిన తర్వాత ఈ ఊరి కూడలిలో కొంతసేపు నిలిచి చూచినవారికి లారీల తర్వాత ఎక్కువగా కంటబడేది మోటారు సైకిలు. ఒకదానికి రెండు వైపుల పాలక్యానులు వ్రేలాడుతూ ఉంటాయి. మరొకదాని వెనుక ఎరువు బస్తా ఉంటుంది. ఇంకొకదాని మీద తండ్రి, అతని ముందు బడికి పోయే పిల్లవాడు, వెనుక పసిబిడ్డతో తల్లి ఉంటారు. పసుపు అమ్మకానికి నిజామాబాదు వెళ్ళే రైతుకు, చేనికి మందు కొట్టే పంపు తీసుకొనిపోయే కూలికి, ఆర్మూరులో కొలువు చేసే గుమాస్తాకు వాహనం ఇదే.

ఇంతగా మన జీవితంలో కలిసిపోయిన ఈ యంత్రం మన వాకిటికి ఎట్లా వచ్చినదో విచారించిన వారు తక్కువ. రాజుల చరిత్రను, కోటల చరిత్రను వ్రాసుకొన్నంత శ్రద్ధగా మనము బండ్ల చరిత్రను వ్రాసుకోలేదు. అయినను ఒక గ్రామం తన పొలిమేర దాటి అంగడికి, ఆసుపత్రికి, కచేరీకి ఎంత సులభంగా పోగలదు అన్న ప్రశ్నలో ఆ గ్రామం యొక్క బాగోగులు చాలవరకు ఇమిడి ఉన్నవి.

మోటారు సైకిళ్ళలో అనేక జాతులు ఉన్నవి. పందెములకు పనికివచ్చేవి, దూర ప్రయాణాలకు తగినవి, విలాసార్థం కొనేవి వేరు. నేడు మనము ముచ్చటించుకొనేది వీటిలో మధ్యరకం బండి. అది మరీ బరువైనది కారాదు, మరీ అల్పశక్తి గలది కారాదు. గాలిని చీల్చుటకై ముందు భాగాన పెద్ద తొడుగు ఉండదు; ఇంజను, గొట్టాలు, తీగెలు అన్నీ కంటికి కనబడుతూ ఉంటాయి. పాశ్చాత్యులు దీనిని ఒంటిమీద బట్టలేని బండి అనే అర్థంలో నేకెడ్ మోటారు సైకిలు అంటారు. మన దేశంలో చిరకాలం అన్ని మోటారు సైకిళ్ళూ ఇట్టివే కనుక మనకు ప్రత్యేకించి పేరు పెట్టవలసిన అవసరం కలుగలేదు.

ఇట్టి బండిని ఎంచుకొనేటప్పుడు మన పల్లె గృహస్థు నాలుగు ప్రశ్నలు వేసుకొంటాడు. కొనగలనా? పెట్రోలు పోయగలనా? చెడిపోతే దగ్గరలో బాగు చేయించుకోగలనా? బురదలో పడితే ఒక్కడనే ఎత్తి నిలబెట్టగలనా? గడచిన డెబ్బది సంవత్సరాలలో ఏ బండి నిలిచినది, ఏ బండి పోయినది అన్నది చాలామట్టుకు ఈ నాలుగు ప్రశ్నలకు అది ఇచ్చిన జవాబును బట్టియే తేలినది.

మోటారు సైకిలు రాకముందు ఈ సీమలో ప్రయాణం ఎట్లా ఉండెడిదో కొంచెం తలచుకోవాలి. 1900 ప్రాంతంలో హైదరాబాదు నుండి మన్మాడు వరకు మీటరుగేజి రైలుమార్గం ఏర్పడినది. ఇందూరు అని పిలువబడిన పట్టణం 1905లో నిజామాబాదు అయినది. మంజీర నది మీద నిజాంసాగరు నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తి అయినది. దానికి రూపకల్పన చేసిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు. ఆ కాలువ నీటితో బోధను ప్రాంతంలో చెరకు సాగు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. దాని చుట్టూ ఏర్పడిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు వచ్చినది.

చెరకు తీరిక ఇచ్చే పంట కాదు. గడను నరికిన తర్వాత ఆలస్యమైన కొద్దీ రసంలో చక్కెర తగ్గిపోతుంది. కాబట్టి ఎప్పుడు నరకవలెను, ఎప్పుడు తోలవలెను అన్న వార్త రైతుకు సకాలంలో అందవలెను. సరుకును ఎడ్లబండి మోసినది. వార్తను మోయుటకు, బాకీ అడుగుటకు, కర్మాగారపు కార్యాలయానికి పోయివచ్చుటకు మాత్రం మనిషియే కదలవలసి వచ్చెడిది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినారు. అదియే పెరిగి పెరిగి తర్వాతి కాలపు రోడ్డు రవాణా సంస్థకు మూలమైనది. కాని బస్సు పెద్ద రోడ్డు మీద ఆగుతుంది. పొలం గట్టు దాకా రాదు. బస్సు దిగిన చోటి నుండి ఇంటి వరకు ఉన్న దూరాన్ని కాలినడకనో, సైకిలు మీదనో దాటవలసినదే. ఆ దూరమే మోటారు సైకిలుకు మన పల్లెలలో చోటు కల్పించినది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మన దేశంలో తిరిగిన మోటారు సైకిళ్ళు విదేశాల నుండి దిగుమతి అయినవే. స్వదేశంలో తయారైన వాటిలో మొదట చెప్పుకోదగినది బుల్లెట్టు. సరిహద్దుల గస్తీకి మన సైన్యం ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్లను ఎంచుకొన్నది. 1955లో మద్రాసు మోటార్సు వారు ఆ ఇంగ్లీషు సంస్థతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించి, మద్రాసు చెంత తిరువొత్తియూరులో బండ్లు కూర్చుట ఆరంభించినారు. మొదట విడిభాగాలు సముద్రం దాటి వచ్చెడివి. క్రమంగా అన్నీ ఇక్కడనే తయారు కాసాగినవి. చిత్రమేమనగా, 1967లో ఇంగ్లండులోని రెడిచ్ కర్మాగారం మూతబడినది. పుట్టినచోట ఆగిపోయిన బండి మద్రాసులో బ్రతికి, కాలాంతరంలో తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయినది.

బుల్లెట్టు 350 ఘన సెంటీమీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను గల గట్టి బండి. అయితే దానిని నడుపుటకు కొంత విద్య కావలెను. ఆమ్మీటరు ముల్లు నడుమకు వచ్చేవరకు కిక్కును మెల్లగా ఆడించి, చిన్న మీట నొక్కి లోపలి ఒత్తిడిని వదలి, అప్పుడు కాలితో బలంగా తన్నవలెను. ఆ పద్ధతి తప్పితే కిక్కు ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉండెడివి. పోలీసు అధికారి, గుత్తేదారు, పెద్ద కమతం గల ఆసామి దానిని ఉంచుకొన్నారు. సామాన్య రైతుకు దాని ధర ఒక బరువు, దాని బరువు మరొక బరువు.

ఆ లోటును తీర్చుటకు రెండు బండ్లు దాదాపు ఒకేసారి వచ్చినవి. మొదటిది జావా. చెకోస్లొవేకియాలో 1929లో యానెచెక్ అనే తయారీదారు వాండరర్ అనే జర్మను సంస్థ నమూనాను తీసుకొని బండ్లు చేయుట ప్రారంభించి, రెండు పేర్ల మొదటి అక్షరాలను కలిపి ఆ పేరు పెట్టినాడు. 1961లో ఐడియల్ జావా సంస్థ మైసూరులో ఆ బండి తయారీకి పూనుకొన్నది. 250 ఘన సెంటీమీటర్ల రెండు స్ట్రోకుల ఇంజను, ఇరుప్రక్కల రెండు పొగగొట్టాలు, గుండ్రని ట్యాంకు దాని గుర్తులు. కిక్కు కొట్టే మీటయే గేరు మార్చే మీట కూడా కావడం దానిలోని విశేషం. ఆ మీటను వెనుకకు త్రిప్పి తన్నితే బండి లేచేది, ముందుకు దించితే గేర్లు వేసేది. 1970 దశకంలో ఇదే బండికి యెజ్డీ అనే పేరు వచ్చినది.

రెండవది రాజ్‌దూత్. ఢిల్లీ చేరువలోని ఫరీదాబాదులో ఎస్కార్ట్సు సంస్థ పోలెండు దేశపు ఎస్.హెచ్.ఎల్. నమూనాను అనుసరించి 1960 దశకం ఆరంభంలో దీనిని బయటికి తెచ్చినది. 175 తరగతికి చెందిన ఈ బండికి వేగం తక్కువ, ఓర్పు ఎక్కువ. పాలు పోసేవారు, ఊరూర తిరిగి సరుకు అమ్మేవారు దీనిని విశేషంగా ఆదరించినారు. రెండు స్ట్రోకుల ఇంజనులో కవాటాలు లేవు. విప్పి బిగించుటకు భాగాలు తక్కువ. పెట్రోలులో కొలత ప్రకారం నూనె కలిపి పోయడం, ప్లగ్గు తీసి గీకి పెట్టడం తెలిసిన ప్రతివాడూ సగం మిస్త్రీయే. రోడ్డు ప్రక్క చెట్టు క్రింద నాలుగు పానాలతో కూర్చున్న మిస్త్రీ దానికి ప్రాణం పోయగలిగెడివాడు. నాలుగు ప్రశ్నలలో మూడవదానికి ఇంత చక్కని జవాబు ఇచ్చిన బండి మరొకటి లేదు.

ఇక్కడ స్కూటరు మాట కూడా చెప్పవలెను. పట్టణాలలో మధ్యతరగతి వారు స్కూటరుకే మొగ్గు చూపినారు. దానికోసం డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచిన కాలం అది. మన హైదరాబాదులో ఆల్విన్ సంస్థ కూడా 1980 దశకంలో పుష్పక్ అనే స్కూటరును విపణిలోనికి తెచ్చినది. కాని స్కూటరు చక్రం సుమారు 10 అంగుళాలది. మోటారు సైకిలు చక్రం సుమారు 18 అంగుళాలది. చిన్న చక్రం గుంటలో దిగబడుతుంది, పెద్ద చక్రం గుంటను దాటిపోతుంది. చెరకు బండ్ల జాడలు లోతుగా పడిన మట్టిబాటల మీద ఏది నిలువగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

1983లో రాజ్‌దూత్ పేరుతోనే వేరొక బండి వచ్చినది. జపానులోని యమహా వారి నమూనా ప్రకారం చేసిన 350 తరగతి బండి అది. జంట సిలిండర్లు, సుమారు 30 అశ్వశక్తులు. ఆనాటి మన బండ్లలో ఇంతటి వేగం గలది లేదు. నేడు దానిని వెదకి వెదకి కొని అపురూపంగా దాచుకొనేవారు ఉన్నారు. ఆ రోజులలో మాత్రం కొనుగోలుదారులు వెనుకాడినారు. పెట్రోలు విపరీతంగా త్రాగుతుందనీ, విడిభాగాలు ప్రియమనీ పేరు పడినది. పది సంవత్సరాలు పూర్తి కాకముందే దాని తయారీ ఆగిపోయినది. యంత్రం ఎంత గొప్పదైనను గృహస్థు లెక్కకు అందకపోతే అది వాకిట నిలువదని ఈ బండి నిరూపించినది.

ఆ లెక్కను సరిగా గ్రహించినవారు 100 ఘన సెంటీమీటర్ల బండ్ల నిర్మాతలు. 1980 దశకంలో ప్రభుత్వం విదేశీ సహకారానికి తలుపులు తెరచినది. 1984లో టి.వి.ఎస్. వారు సుజుకితో, 1985లో హీరో వారు హోండాతో, ఎస్కార్ట్సు వారు యమహాతో, ఆ తర్వాత బజాజు వారు కవాసాకితో కలిసి చిన్న బండ్లు తెచ్చినారు. వీటిలో హీరో హోండా సి.డి. 100 నాలుగు స్ట్రోకుల బండి. నూనె కలిపే పని లేదు, పొగ లేదు, ఒక లీటరు పెట్రోలుతో దూరాభారం పోగలదు. ట్యాంకు నింపి మూత పెట్టి ఆ సంగతి మరచిపొండని దాని ప్రకటన చెప్పెడిది. యమహా ఆర్.ఎక్స్. 100 రెండు స్ట్రోకులది. నూరు కిలోల పరిసరాల బరువుతో, 11 అశ్వశక్తులతో అది యువకుల మనస్సులను దోచుకొన్నది. 1994లో వచ్చిన స్ప్లెండరు తరువాతి సంవత్సరాలలో దేశమంతట అత్యధికంగా అమ్ముడుపోయిన బండ్లలో ఒకటి అయినది.

దీనితో మధ్యరకం బండికి కష్టకాలం వచ్చినది. పొగకు సంబంధించిన నిబంధనలు కఠినమైన కొద్దీ పాత రెండు స్ట్రోకుల ఇంజనులకు చోటు లేకపోయినది. 1996లో మైసూరు కర్మాగారం మూతబడినది. 350 తరగతిలో దాదాపు బుల్లెట్టు ఒక్కటే మిగిలినది; దానిని తయారు చేసే సంస్థ కూడా నష్టాలలో పడి, 1994లో ఐషర్ వారి చేతికి వచ్చినది.

మన జిల్లాలో ఈ మార్పుకు మరొక బలం తోడైనది. 1970 దశకం నుండి నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతాల పల్లెల నుండి వేలమంది దుబాయి, మస్కట్, సౌదీ దేశాలకు కూలికి పోయినారు. అక్కడి నుండి వచ్చిన పైకముతో మొదట అప్పు తీరినది, తర్వాత ఇల్లు లేచినది, ఆ తర్వాత వాకిట మోటారు సైకిలు నిలిచినది. ఎండలో ఇనుము మోసిన అన్న పంపిన రూకలతో ఊరిలో తమ్ముడు బండి ఎక్కినాడు. ఈ కథ ఒక ఇంటిది కాదు.

ఇందులో సంతోషింపదగని అధ్యాయం కూడా ఉన్నది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినది; మైసూరులో జావా తయారీ మొదలైనదీ ఆ ఏడే. ఇది కాకతాళీయమే. అయినను ఆ తర్వాత జరిగినది చూస్తే రెండింటిలో ఏది మన ఇండ్లలో ఎక్కువగా ప్రవేశించినదో తెలియును. కట్నం పట్టీలో పూర్వం గడియారం, సైకిలు, రేడియో ఉండెడివి. తర్వాత ఆ స్థానంలో మోటారు సైకిలు చేరినది. పెండ్లికొడుకు తొక్కే బండికి పెండ్లికూతురి తండ్రి అప్పు పత్రం వ్రాసిన సందర్భాలు మన ఎరుకలోనివే. బండి బరువు ఎంత అని అడిగేటప్పుడు ఈ బరువును కూడా తూచవలెను.

మరొక విషయం. బండి కొన్నది ఇంటికోసమే అయినను, తాళపుచెవి చిరకాలం మగవారి జేబులోనే ఉన్నది. స్త్రీ వెనుక కూర్చున్నది, లేదా బస్సుకై నిలుచున్నది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైనది. పేదింటి ఆడపడుచుకు ఇది పెద్ద మేలు. అయినను బస్సు ఆగిన చోటి నుండి ఇంటి దాకా ఉన్న ఆ పాత దూరం ఆమెకు నేటికీ మిగిలియే ఉన్నది.

ఇక వర్తమానానికి వద్దాము. చెరకు పేరుతో ప్రసిద్ధికెక్కిన బోధనులో కర్మాగారపు గొట్టం 2015 డిసెంబరు నుండి పొగ విడువలేదు. చెరకు వేసిన రైతులలో పలువురు వరికి, మక్కకు, ఇతర పంటలకు మళ్ళినారు. కర్మాగారపు ఈల విని కదిలిన ఊళ్ళు నేడు వేరు వేరు దిక్కులకు పని వెదకికొని పోతున్నవి. పని దూరమైన కొద్దీ బండి అవసరం పెరిగినది.

ఈ కాలంలోనే మధ్యరకం బండి తిరిగి వచ్చినది. ప్రపంచంలో కూడా ఇట్టి మలుపే కనబడుతుంది. ఐరోపాలో, జపానులో కొంతకాలం తొడుగులతో నిండిన వేగపు బండ్లకు గిరాకీ ఉండి, తర్వాత తేలికైన, తొడుగులేని బండ్లకు ఆదరం కలిగినది. 1999లో వచ్చిన సుజుకి ఎస్.వి. 650, 2014లో వచ్చిన యమహా ఎం.టి. 07 ఈ కోవకు చెందినవి. అక్కడ మధ్యరకమనగా సుమారు 650, 700 ఘన సెంటీమీటర్లు. మనకు 250 మొదలు 400 వరకు. అక్కడివారికి వారాంతపు విహారం ముఖ్యం. మనకు దినదినమూ పని ముఖ్యం.

మన దేశంలో 2018లో జావా పేరు మరల బండి మీద కనబడినది, 2022లో యెజ్డీ కూడా తిరిగి వచ్చినది. 2022 ఆగస్టులో రాయల్ ఎన్‌ఫీల్డు వారు హంటర్ 350 అనే బండిని లక్షా యాభై వేల రూపాయల ప్రారంభ ధరకు విడుదల చేసినారు. 349 ఘన సెంటీమీటర్లు, సుమారు 20 అశ్వశక్తులు, 180 కిలోల పరిసరాల బరువు. తమ ఇతర బండ్లకన్న తేలికగా, పొట్టిగా, ఊరిలో త్రిప్పుకొనుటకు అనువుగా దానిని రూపొందించినారు. 2023లో ఇంగ్లీషు సంస్థ ట్రయంఫ్, మన బజాజు కలిసి స్పీడ్ 400ను తెచ్చినారు. అది 398 ఘన సెంటీమీటర్లు, సుమారు 170 కిలోలు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 ఘన సెంటీమీటర్లకు మించని బండ్ల మీద పన్ను 28 నుండి 18 శాతానికి తగ్గినది. దానికి మించిన వాటి మీద 40 శాతానికి పెరిగినది. సామాన్యుని బండి ఎక్కడ ముగియునో, విలాసం ఎక్కడ ఆరంభమగునో ప్రభుత్వం 350 వద్ద ఒక గీత గీచినది.

ఈ కొత్త బండ్లకు కిక్కు విద్య అక్కరలేదు. మీట నొక్కితే ఇంజను లేస్తుంది. 125 ఘన సెంటీమీటర్లు దాటిన బండ్లలో, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకొని జారకుండా కాపాడే ఏర్పాటు 2019 నుండి తప్పనిసరి అయినది. ఇవి మంచి మార్పులే. కాని చెట్టు క్రింది మిస్త్రీ చేతిలోని పానాకు వీటి లోపలి విద్యుత్తు మెదడు లొంగదు. చెడితే పట్టణంలోని కంపెనీ దుకాణానికి పోవలెను. మూడవ ప్రశ్నకు పాత రాజ్‌దూత్ ఇచ్చిన జవాబును ఇవి ఇవ్వలేవు.

మనము నాలుగు ప్రశ్నలతో మొదలు పెట్టినాము. నలుబది నాలుగవ నంబరు రహదారి ఐదవ ప్రశ్నను కూడా అడుగుతున్నది. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్లవారే. పల్లె బాట నుండి వచ్చిన బండి ఒక్కసారిగా లారీల రహదారిని దాటవలసిన చోట్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నవి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తలకు శిరస్త్రాణం ధరించవలెనని చెప్పినది. చాలామందికి అది పోలీసు కనబడినప్పుడు పెట్టుకొనే టోపీ. మిగిలిన కాలమంతా ట్యాంకు మీదనో, మోచేతికో వ్రేలాడుతూ ఉంటుంది. లక్షన్నర పెట్టి బండి కొన్న చేయి వేయి రెండువేల శిరస్త్రాణం దగ్గర ముడుచుకొనుట మన లెక్కలోని లోపం.

జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టవలెనన్న ప్రతిపాదన ఎన్నో ఏండ్లుగా వినబడుతున్నది. అది వచ్చిననాడు మంచిదే. ఆనాడు కూడా ఈ ఊరి రైతు విమానం శబ్దం విని తల ఎత్తి చూచి, తర్వాత తన మోటారు సైకిలు మీద ఎరువు బస్తా సర్దుకొని చేనికే పోతాడు. కొనగలనా, పోషించగలనా, బాగు చేయించగలనా, ఎత్తగలనా అని అతడు తన బండిని గూర్చి నాలుగుసార్లు ఆలోచించినాడు. చీకటి పడేవేళ ఆ బండి శబ్దం కోసం చెవి యొగ్గి వాకిట నిలిచిన ఇల్లాలికి మాత్రం ఒకే ప్రశ్న ఉంటుంది: క్షేమంగా ఇల్లు చేరునా? మంచి బండి ఏది అని ఎవరైనా అడిగితే, ముందుగా ఆమె ప్రశ్నకు జవాబు చెప్పగలిగినదే మంచి బండి.